డన్నిగన్ గారి గడ్డం

సీతారాములు చెడ్డవాడని ఎవరూ అనరు. ఆయన నోరు ఊరుకోదని మాత్రం సింగపూరు బుకిట్ బటోక్‌లో ఆ బ్లాకు కింద కాఫీ తాగేవాళ్ళందరూ అంటారు. డెబ్భై అయిదు నిండి లైసెన్సు తిరిగిచ్చేసేదాకా ట్యాక్సీ నడిపిన మనిషి. వెనక సీట్లో కూర్చున్నవాడికి దిగేదాకా వినక తప్పదు గనక, అన్నేళ్ళూ ఆయనకి వినేవాళ్ళ కరువు లేకపోయింది. ట్యాక్సీ పోయాకే ఆ కరువు మొదలైంది.

ఆ ఆదివారం పొద్దున మాత్రం ఆయన నోరు విప్పకూడదని ఇంట్లో గట్టి కట్టడి. లిఫ్టులో కిందికి దిగుతూ కూడా భార్య చిన్నమ్మ గుర్తు చేసింది.

"ఇదిగో, సెప్తన్నాను. వాళ్ళొచ్చాక తిన్నారా అని అడుగు, ఎండగా ఉందను. అంతే. నీ కోతలు ఇక్కడ కొయ్యకు. పిల్ల బతుకు."

"నానేటి కోస్తాను? జరిగింది సెప్తాను."

"ఆ జరిగిందే వొద్దంటన్నాను."

వస్తున్నవాళ్ళు టాంపినీస్ నుంచి. మనవరాలు పునీతా, చక్రధర్ అనే కుర్రాడూ ఇష్టపడ్డారు. పునీత అమ్మానాన్నలకి మలేషియా ఈపోలో దుకాణం. పిల్ల చదువుకోడానికొచ్చి, తాతామామ్మల దగ్గరే ఉండిపోయింది. కుర్రాడి అమ్మానాన్నలు ముందు ఓసారి కలుస్తామన్నారు. "పెళ్ళిచూపులూ గిళ్ళిచూపులూ వద్దు తాతా, జస్ట్ మకాన్ లా, ఊరికే కలిసి తినడమే," అని పునీత కింద కాఫీ షాపులోనే ఏర్పాటు చేసింది. చిన్నమ్మ ఎనిమిదింటికే దిగి, ఫ్యాను కింద గుండ్రటి బల్ల చూసి, కుర్చీకో టిష్యూ పొట్లం పెట్టి, బల్ల తమదేనని చోప్ చేసేసి వచ్చింది.

వాళ్ళొచ్చారు. కుర్రాడి తండ్రి జనార్ధనరావు ఏలూరువాడు. ఓడల బీమా కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఎక్కడ ఓడ దెబ్బతిన్నా, ఎక్కడ సరుకు తడిసినా, ఆ నష్టం నిజమా కాదా తేల్చేది ఆయనే. ఎవరేం చెప్పినా ముందు నమ్మకపోవడం ఆయన ఉద్యోగంలో భాగం. ఇంట్లో కూడా అంతేనని ఆయన భార్య తారాదేవి మొహం చూస్తే తెలుస్తోంది. ఆవిడ నమస్కారం పెట్టి, ఫోను బల్ల మీద పెట్టుకుని, మాటాడకుండా కూర్చుంది.

పరోటాలొచ్చాయి, టీలొచ్చాయి. ఎండగా ఉందని సీతారాములు అన్నాడు. అవునని జనార్ధనరావు అన్నాడు. తిన్నారా అని సీతారాములు అడిగాడు. తింటున్నామండీ అని జనార్ధనరావు చెప్పాడు. చిన్నమ్మ ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు జనార్ధనరావు పునీత వైపు తిరిగాడు. "నువ్వేం చేస్తుంటావమ్మా?"

"రాస్తానంకుల్. సీరియల్స్‌కి స్క్రీన్‌ప్లే. వన్-నార్త్‌లో చిన్న కంపెనీ."

"అది సరేనమ్మా. ఉద్యోగం?"

"అదే ఉద్యోగం అంకుల్."

"మరి ఆ సీరియల్ అయిపోతే?"

"ఇంకోటి వెతుక్కుంటాను."

"అది దొరక్కపోతే?"

"వెయిట్ చెయ్యాలి లా," అని, నాలిక కరుచుకుని, "ఆగాలి అంకుల్," అంది పునీత. "ఈలోపు నా సొంత సినిమా కథ రాసుకుంటాను."

జనార్ధనరావు గ్లాసు కింద పెట్టాడు. కోపంగా కాదు, కాగితం మీద ఎర్రసిరా గీత గీసినట్టు నెమ్మదిగా అన్నాడు. "రాసుకోవడం మంచిదేనమ్మా. కాలక్షేపానికి ఎవరైనా రాసుకోవచ్చు. కానీ సంసారం కాలక్షేపం కాదు కదా."

పునీత తల దించుకుంది. చక్రధర్ "నాన్నా!" అన్నాడు. సీతారాములు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. చిన్నమ్మ చెయ్యి బల్ల కింద ఆయన మోకాలి మీద పడింది. పడ్డా లాభం లేకపోయింది.

"రావుగారూ, తవరు డన్నిగన్ గారి పేరు విన్నారా?"

"ఎవరాయన?"

"బ్లెయిర్ డన్నిగన్ గారని, అమెరికాలో సినిమాలకి కథలు రాస్తాడు. మా పునీత సేసేదీ అదే పని. ఆయన సింగపూరొచ్చినప్పుడు నా ట్యాక్సీ ఎక్కాడండీ."

డన్నిగన్ గారి గురించి సీతారాములుకి తెలిసింది గోరంత. అమెరికా రచయిత, మొక్కజొన్న పండే ఊళ్ళో పుట్టారు, ఏళ్ళ తరబడి రాసింది ఎవరూ తీసుకోలేదు, ఆనక గొప్ప పేరొచ్చింది, ఓసారి ఇక్కడికొచ్చి ఉపన్యాసమిచ్చి వెళ్ళారు. ఇదంతా అన్నం దగ్గర పునీత చెప్పిందే. స్నేహితులతో ఎంత ఇంగ్లీషు మాటాడినా తాతతో ఆ పిల్లది తెలుగే. "డన్నిగన్ గారు ఇలా అన్నారు తాతా, డన్నిగన్ గారు మొదటి పేజీ ఎన్నిసార్లు చింపేశారో తెలుసా తాతా" అని, గురువు పేరు చెప్పుకున్నట్టు చెప్పేది. ట్యాక్సీ ఎక్కడం మాత్రం సీతారాములు సొంతం.

"పెద్ద గొప్పేటీ కాదులెండి," అన్నాడు, వినయంగా మొదలుపెట్టడం ఆయన అలవాటు. "విమానం దిగినోడు ఎవరి ట్యాక్సీయో ఒకరిది ఎక్కాల గదా, నాది ఎక్కాడు. పొడుగాటి మనిషి. ఇక్కడిదాకా గడ్డం." గుండెల మీద చెయ్యి పెట్టి చూపించాడు.

పునీత నోటి దగ్గర పరోటా ముక్క ఆగిపోయింది. చక్రధర్‌కి పొలమారింది. మనవరాలి కళ్ళు అంత పెద్దవవడం చూసి, తన గురువుగారి మాట ఎత్తినందుకు పొంగిపోతోందని సీతారాములు అనుకున్నాడు. హుషారు రెట్టింపయింది.

"ఎక్కి కూసోగానే ఏడుపండీ. అంత గడ్డమున్న మగాడు ఎక్కెక్కి ఏడిస్తే సూళ్ళేం. ఏటి సామీ కష్టం అన్నాను. అప్పుడు విప్పేడు తన బతుకంతా. ఆయన పుట్టింది మొక్కజొన్న సేలోనంట, ఇంట్లో కాదు సేలోనే, తల్లి కోత కోస్తా కోస్తా కనేసిందంట. పెద్దోడయ్యాక తండ్రి నాగలి పట్టమంటే, ఈయన సేలో దిష్టిబొమ్మ పక్కన కూసోని కథలు సదువుకునీవాడు. ఆ తరవాత ఏటయిందో తెలుసా? కాకులండీ! గింజలు తిందామని వొచ్చిన కాకులు కథ వింటా తినడం మర్సిపోయీవి. ఆ జిల్లా మొత్తానికీ పంట మిగిలింది ఆ ఒక్క సేలోనే. దాంతో తండ్రే సెప్పాడు, నాయనా నీకు నాగలొద్దు, రాసుకో ఎల్లమని."

"పాపం," అంది తారాదేవి, మొదటిసారి నోరు విప్పి.

"హాలీవుడ్డుకెల్లాడు. అక్కడ ఎవరికి కావాలండీ ఈ మొక్కజొన్న మనిషి? గిన్నెలు తోమాడు. సబ్బు నురగతో పళ్ళేల మీద సీన్లు రాసీవాడంట, ఎవడో వొచ్చి ఆ పళ్ళెం ఎత్తుకుపోయి తన పేరు ఎట్టుకునీవాడు. నవ్వించే సీను ఈయనది, పేరు ఇంకోడిది. ఏడిపించే సీను ఈయనది, దండలు ఇంకోడికి. అలగ గడ్డం నెరిసిపోయింది. ఆఖరికి ఒక స్టూడియో ఓనరు, సరే ఒక్క కథ రాయి, అదీ కుదరకపోతే నీ మొక్కజొన్నల దగ్గిరికి పో అన్నాడు. ఆ కథ సగంలో ఆగిపోయింది. అందుకే ఆ ఏడుపు."

"ఏం కథ?" అన్నాడు జనార్ధనరావు. క్లెయిము ఫైలు ముందుకి లాక్కునే గొంతు అది.

సీతారాములు అంతవరకూ ఆలోచించుకోలేదు. ఆలోచిస్తే కోత తెగదు. నోటికి ఏదొస్తే అది అనాలి. ఆ క్షణాన నోటికొచ్చింది పునీత కథ. మొన్నో రోజు గదిలోంచి చక్రధర్‌కి ఫోన్లో చదివి వినిపిస్తుంటే, తలుపు ఇవతల చెప్పులు వెతుక్కుంటున్న ఆయన చెవిన పడింది. మొదటి సీను మాత్రమే.

"ఒక ఓడండీ. రెండొందల మంది జనం. వాతావరణం బాగుంది, సముద్రం పళ్ళెంలాగ ఉంది. తెల్లారితే రేవు. అలగుండగా కెప్టెను నీళ్ళ మజ్జిన ఇంజను ఆపేసాడు. ఎవరు అడిగినా అసలు కారణం సెప్పడు."

"తాతా!" అంది పునీత.

"ఉండమ్మా," అన్నాడు జనార్ధనరావు. ముందుకి వంగాడు. "ఎందుకు ఆపాడు?"

"అదేనండీ డన్నిగన్ గారికీ తెలవనిది! కెప్టెను సేత ఓడ ఆపించేడు గానీ, ఎందుకాపేడో రాసినాయనకే తట్టలేదు."

"ఇంజనులో లోపమా?"

"లేదు."

"తుఫాను హెచ్చరిక? దొంగలు? లోపల నిప్పు?"

"ఏదీ కాదు."

"అలా కారణం లేకుండా ఏ కెప్టెనూ ఓడ ఆపడండీ. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను."

"అక్కడికే వస్తన్నాను," అన్నాడు సీతారాములు. వెళ్ళడానికి ఆయన దగ్గర అక్కడంటూ ఏమీ లేదు. అందుకని పక్కకి తిప్పాడు. "సామీ, నీ బుర్ర బిగుసుకుపోయింది, దానికి మందు నా దగ్గరుందని సెప్పి, గెయ్‌లాంగ్‌కి తీసుకెల్లి డురియన్ పండు తినిపించాను. ఒక్క తొన. ఆ తరవాత ఏటయిందో తెలుసా? ఆ వాసన ముక్కులోంచి బుర్రకెక్కి, కథ ఒకటే పొంగడం! హోటలుకెల్లేదాకా ఆగలేక నా ట్యాక్సీ బానెట్టు మీదే టైపు మిషనెట్టి కొట్టడం మొదలెట్టాడు. డురియన్ ముళ్ళు గడ్డంలో ఇరుక్కున్నా తెలీనంత. గడ్డం అప్పటికి బొడ్డుదాకా వొచ్చింది."

"ఇందాక గుండెలదాకా అన్నారు," అన్నాడు జనార్ధనరావు.

"డురియన్ మంచి ఎరువండీ. ఏపుగా పెరిగింది."

పక్క బల్ల దగ్గర పేపరు చదువుతున్న ముసలి చైనా అంకుల్ కూడా, తెలుగు ముక్క రాకపోయినా, పేపరు దించి చూశాడు. చిన్నమ్మ మోకాలి మీంచి చెయ్యి తీసేసి తలకి పెట్టుకుంది.

"అంతా రాసాడు, కానీ కెప్టెను దగ్గిర మల్లీ ఆగిపోయేడు. అప్పుడు నాను ఒక్క మాట సెప్పాను. ఒక్కటే. అది వినగానే ఆయన అమెరికాకి ఫోను కలిపి, స్టూడియో ఓనర్ని నిద్దర్లోంచి లేపి, ఆ మాట నా సేతే సెప్పించాడు. ఓనరు విని భోరుమన్నాడు. ఫోన్లోంచి తడి వొచ్చిందండీ, నా సెవి తడిసింది."

"ఆ మాటేమిటి?"

"అక్కడికే వస్తన్నాను. షూటింగు ఇక్కడే ఎట్టారు, మన తీరంలోనే. సీనులో పొగమంచు ఉండాలన్నారు. సింగపూరులో మంచెక్కడిదండీ, మన ఎండకి? డన్నిగన్ గారు నెత్తిన సెయ్యెట్టుకున్నాడు. నాను మా సిన్నమ్మకి కబురెట్టాను. ఈవిడ బుకిట్ బటోక్‌లో బ్లాకు బ్లాకుకీ ఎల్లి ఆంటీలందరికీ సెప్పింది. సాయంత్రం ఆరింటికి అన్ని బ్లాకుల్లో అన్ని కిటికీల్లోనూ ఒకేసారి సాంబ్రాణి! మనోళ్ళూ, తమిళవోళ్ళూ సాంబ్రాణి, చైనావోళ్ళు అగరొత్తులు. ఆ పొగ మేఘంలాగ లేసి, సముద్రం మీదకెల్లి, ఓడని కప్పేసింది. ఆకాశంలో విమానాలు దిగలేక గిరగిరా తిరుగుతానే ఉన్నాయి. కిందున్నోళ్ళకి ఎవరెవరో తెలవలేదు. డన్నిగన్ గారిని గడ్డం పట్టుకుని తడిమి గుర్తుపట్టాం."

"విమానాలు ఆగిపోతే క్లెయిములు రావాలే," అన్నాడు జనార్ధనరావు. "ఏ సంవత్సరం?"

"సాంబ్రాణి వాసన పీల్చినోళ్ళు కోపమెలగ తెచ్చుకుంటారండీ? గుల్లో కూసున్నట్టుందని ఒక్కరూ క్లెయిము అడగలేదు."

జనార్ధనరావు టీ మీద మీగడ కట్టింది. తారాదేవి పెదవి చివర ఏదో కదిలింది. ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఆ తరవాత ఏటయిందో తెలుసా? కెప్టెను వేషం కట్టినోడు వాంతులు సేసుకుని పడవెక్కి పారిపోయేడు. డైరెట్రు ఏడుపు, డన్నిగన్ గారు ఏడుపు. మీరే దిక్కు అన్నారు. టోపీ ఎట్టారు నాకు. వేషమే గదా అనుకున్నాను గానీ, సీను అయ్యాక సూద్దును గదా, ఓడ నిజంగానే కొట్టుకుపోతంది! అటు ఒక నూనె ఓడ, ఇటు ఒక నూనె ఓడ, మధ్యలో మన ఓడంత సందు. అంతే సందు. నలభై ఏళ్ళు సిరంగూన్ రోడ్డులో ఆదివారం సాయంత్రం ఆ జనంలో ట్యాక్సీ పార్కు సేసినోణ్ణి, నాకా సెప్తారు? అద్దంలో సూసాను, ఇండికేటరేసాను, ఒక్క రివర్సులో జారనిచ్చాను. ఇటు జానెడు, అటు జానెడు. హేండ్‌బ్రేకు లాగాను."

"ఓడకి హేండ్‌బ్రేకా?"

"లేదు. అందుకే లాగితే నా సేతికొచ్చేసింది."

చక్రధర్ ఇక ఆపుకోలేక టిష్యూ పొట్లం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పునీత రెండు చేతులతో నుదురు పట్టుకుని బల్ల వైపే చూస్తోంది. సీతారాములు ఎవరినీ చూడటం లేదు. ఎంతకాలమైంది ఇలా ఒక మనిషి రెప్ప వెయ్యకుండా తన మాట వినీ!

"సినిమా ఆడింది. ఏడాది ఆడింది. అమెరికాలో పెద్ద బహుమతిచ్చారు. స్టేజీ మీదికి డన్నిగన్ గారు గడ్డం మడిసి రెండు జేబుల్లోనూ ఎట్టుకుని ఎక్కాడు, లేపోతే కాళ్ళకడ్డం. మైకులో ఏటన్నాడో తెలుసా? ఈ బహుమతి నాది కాదు, బుకిట్ బటోక్‌ది అన్నాడు."

"మరి సినిమాలో మీ పేరు వేశారా?" జనార్ధనరావు పట్టువదల్లేదు.

"ఎయ్యబోయారండీ. ఇంగ్లీసులో సీ-తా-రా-ము-లు అని రాస్తే తెర సాల్లేదు. రెండు తెరలు పక్కపక్కన కట్టాల, అన్ని ఊళ్ళలో ఎక్కడ కడతారు, వొద్దులే సామీ అన్నాను." గ్లాసులో అడుగున మిగిలిన కాఫీ తాగి, తను చెప్పదలుచుకున్నది అప్పుడు చెప్పాడు. "నాననేదేటంటే రావుగారూ, రాసీవోళ్ళంటే అలగుంటారు. ఆగుతారు, ఏడుస్తారు, గిన్నెలు తోముతారు. కానీ ఒకరోజొస్తాది. మా పునీతకీ వొస్తాది. అదండీ సంగతి."

పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది.

అప్పుడు తారాదేవి ఫోను మీంచి తలెత్తింది. ఎంతో మర్యాదగా, ఏ వెటకారమూ లేకుండా అడిగింది.

"అంతా బాగుంది బాబాయిగారూ. కానీ, డన్నిగన్ గారు ఆ గడ్డం ఎప్పుడు తీయించుకుందండీ?"

ఫోను ఆయన వైపు తిప్పింది. అందులో ఒక పెద్దావిడ. నెరిసిన జుట్టు ముడి వేసుకుంది, చెవులకి ముత్యాలు, పెదాలకి ఎర్ర రంగు, ఒళ్ళో మనవడు. కింద ఇంగ్లీషులో పేరుంది. బ్లెయిర్ డన్నిగన్, స్క్రీన్‌రైటర్.

సీతారాములు ఫోను దగ్గరికి తీసుకుని చూశాడు. దూరంగా పెట్టి చూశాడు. ఎలా చూసినా ఆడమనిషే.

"అలమాక్! కొంప ములిగింది!" అన్నాడు చివరికి. మనవరాలి వైపు తిరిగాడు. "ఆడమడిసని సెప్పలేదేటే?"

"గారు అన్నాను కదా తాతా," అంది పునీత, ఏడుపూ నవ్వూ కాని మొహంతో. "చెప్పారు, రాశారు, వచ్చారు అన్నాను. రెస్పెక్టు లా."

"రెస్పెట్టిస్తే ఆడో మగో ఎలగ తెలస్తాది?"

చిన్నమ్మ ఫక్కుమంది. పైట నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. తారాదేవి మర్యాద అక్కడితో సరి, ఆవిడా మొదలుపెట్టింది. చక్రధర్ కుర్చీలోంచి జారాడు, పునీతకీ నవ్వొచ్చేసింది. చైనా అంకుల్‌కి ఏం అర్థమైందో గానీ ఆయనా నవ్వాడు.

నవ్వనివాళ్ళు ఇద్దరే. సీతారాములు చెవులు కాలిపోతున్నాయి. నవ్వించినందుకు కాదు, నవ్వించడం ఆయనకి కొత్త కాదు. పిల్ల సంబంధం చేతులారా చెడగొట్టానని. నవ్వని రెండో మనిషి జనార్ధనరావు. ఆయన మొహం చిట్లించి, బల్ల మీద వేలు టకటకా కొడుతున్నాడు.

"రావుగారూ," అన్నాడు సీతారాములు, ఈసారి నిజమైన వినయంతో. "ముసిలోణ్ణి, నోరు జారింది. దీంట్లో పిల్ల తప్పేటీ లేదు..."

"గడ్డం సంగతి వదిలెయ్యండి," అన్నాడు జనార్ధనరావు విసుగ్గా. "ఆ ఓడ సంగతి చెప్పండి. రెండొందల మందిని పెట్టుకుని నీళ్ళ మధ్య ఓడ ఎందుకు ఆపాడు?"

నవ్వులు ఆగాయి.

"రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అక్కడికే వస్తున్నానన్నారు. వాతావరణం బాగుంది, ఇంజను బాగుంది. మరేమిటి? చెప్పకుండా వెళ్ళిపోతే ఇవాళ నాకు నిద్ర పట్టదు."

"అది డన్నిగన్ గారిది కాదండీ," అన్నాడు సీతారాములు. "మా పునీతది. సొంతంగా రాసుకుంటన్న కథంటన్నాది గదా, అదే. తలుపవతల నుంచి విన్నాను. ఎందుకాపేడో నాకూ తెలవదు."

జనార్ధనరావు కుర్చీ పునీత వైపు జరిగింది. "ఎందుకమ్మా?"

పునీత పరోటా పళ్ళెం పక్కకి జరిపింది. చెప్పడం మొదలుపెట్టాక ఆ గొంతులో బెరుకు లేదు.

"అది ఆ ఓడకి ఆఖరి ప్రయాణం అంకుల్. రేవు చేరగానే ముక్కలు చేసి ఇనుముకి అమ్మేస్తారు. కెప్టెన్‌కీ అదే ఆఖరు, వయసైపోయింది. ఈ సంగతి ప్రయాణికులెవరికీ తెలియదు. దీపాలు కనిపిస్తున్నాయి, ఇంకో గంటలో రేవు. అప్పుడు ఆపేశాడు. ఎవరైనా అడిగితే ఇంజను వేడెక్కింది, కాస్త చల్లారాలి అని చెప్పాడు. ఇంజను వేడెక్కలేదు. ఊరికే స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు."

ఓడకి స్టీరింగా అని జనార్ధనరావు అడగలేదు. ఇంకొకప్పుడైతే అడిగేవాడే.

సీతారాములూ అడగలేదు, ఎందుకంటే ఆయనకి ఆ స్టీరింగు తెలుసు. ట్యాక్సీ అప్పగించాల్సిన రోజున పునీతని ఆఫీసు దగ్గర ఎక్కించుకుని ఇంటికి తెస్తూ, వెస్ట్ కోస్ట్ పార్కు దగ్గర సముద్రం పక్కన బండి ఆపాడు. ఇంజను వేడెక్కిందే, కాస్త ఆగాల అన్నాడు. సరే తాతా అంది పిల్ల, వెనక సీట్లో ఫోను చూసుకుంటూ. చీకటి పడేదాకా కూర్చున్నారు. ఇన్నేళ్ళలో వెయ్యి కథలు చెప్పినవాడు ఆ ఒక్కటీ ఎవరికీ చెప్పలేదు, చిన్నమ్మకి కూడా. పిల్ల ఫోనే చూసుకుంటోందని అనుకున్నాడు.

ఇప్పుడు పునీత ఆయన వైపు చూడలేదు. చూడనందుకు ఆయనకి ప్రాణం లేచొచ్చింది. చూస్తే కళ్ళు తుడుచుకోవాల్సొచ్చేది.

"ప్రయాణికులు గొడవ పెట్టలేదా?" అన్నాడు జనార్ధనరావు, గొంతు తగ్గించి.

"మొదట పెట్టారు. తర్వాత ఒక్కొక్కళ్ళే డెక్కు మీదికొచ్చారు. ఇంజను శబ్దం లేదు కదా, మొదటిసారి సముద్రం వినపడింది."

"మళ్ళీ కదిలిందా?"

"అక్కడే ఉన్నాను అంకుల్. ఇంకా రాయలేదు."

జనార్ధనరావు చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "ఆలస్యానికి కంపెనీ డబ్బు కట్టదు," అన్నాడు. "కానీ, ఆ కెప్టెన్ మీద నేనైతే రిపోర్టు రాయను." కొడుకు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఆవిడ ఎప్పుడో ఒప్పేసుకున్నట్టు ఫోను సంచీలో వేసుకుంటోంది. "అమ్మాయి అమ్మానాన్నలు ఈపో నుంచి ఎప్పుడొస్తారండీ?"

"వచ్చే ఆదివారం," అంది చిన్నమ్మ, మొగుడు నోరు విప్పేలోపు.

"అయితే అందరూ మా ఇంటికి భోజనానికి రండి. ఈలోపు నువ్వు ఆ ఓడ కదిలించమ్మా. సీరియల్ ఉందో లేదో తర్వాత చూద్దాం, ముందు ఇది పూర్తి చెయ్యి."

పునీత తలూపింది.

వాళ్ళని రైలు స్టేషను దాకా దిగబెట్టడానికి అందరూ బయల్దేరారు. ఆడవాళ్ళిద్దరూ సాంబ్రాణి గురించి మాటాడుకుంటూ ముందు నడిచారు. పిల్లలు వెనకపడ్డారు. సీతారాములు మధ్యలో ఒక్కడే, ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా, ఎంతో హాయిగా నడుస్తున్నాడు. పిల్ల తన నోట్లోంచి రాని కథని కూడా పట్టుకుంది. ఇంక తను ఏం చెప్పినా చెప్పకపోయినా ఫరవాలేదనిపించింది.

రెండడుగుల ముందు జనార్ధనరావు ఏలూరులో అన్నగారికి ఫోను కలిపాడు.

"ఆఁ అన్నయ్యా, చూశాం. కుదిరినట్టే. ఏం చేస్తుందా? సినిమాలకి రాస్తుంది. మన సినిమాలు కాదు, అమెరికా వాళ్ళ లెవెల్లో. హాలీవుడ్ ఆవిడ ఒకావిడ ఉంది, బ్లెయిర్ డన్నిగన్ అని, ఆవిడ శిష్యురాలు... వాళ్ళ తాతగారా? చాలా పెద్ద మనిషి. రెండొందల మంది ఎక్కే ఓడని రెండు నూనె ఓడల మధ్య ఒక్క రివర్సులో పెట్టారట. నేను అడిగి మరీ కనుక్కున్నాను. జానెడు సందు... అవునన్నయ్యా, ఒట్టు!"

చిన్నమ్మ వెనక్కి తిరిగి చూసింది. సరిచెయ్యమన్నట్టు మొగుడికి కళ్ళతో సైగ చేసింది.

సీతారాములు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఆకాశం వైపు చూశాడు.

"ఎండగా ఉంది," అన్నాడు.